కారుతున్న కారు: చేతిలో డబ్బు తక్కువగా ఉన్నప్పుడు కూలెంట్ లీకుకు ఏ దారి మేలు?

పొద్దున కారు తీసిన చోట నేల మీద తడి కనిపిస్తే ముందు దాన్ని వేలితో తాకి చూడాలి. ఏసీ నుంచి కారిన నీరైతే రంగూ వాసనా ఉండవు, ఎండ తగిలితే కాసేపట్లో ఆరిపోయి మరక కూడా మిగలదు. ఏసీ వేసుకుని తిరిగి వచ్చిన కారు కింద, అందులోనూ ఉక్కపోత రోజుల్లో, అది సహజం. ఇంజన్‌ను చల్లబరిచే కూలెంట్ అయితే ఆకుపచ్చో, ఎరుపో, గులాబీయో, నీలమో ఏదో ఒక రంగు ఉంటుంది, రెండు వేళ్ల మధ్య రుద్దితే జారుతుంది, కొంచెం తియ్యటి వాసన వస్తుంది, ఆరిన తరువాత జిగురు మరక మిగులుతుంది. తీపి ఉందో లేదో నాలుక మీద వేసుకుని చూసేవాళ్లు కూడా ఉన్నారు. అందులో ఉండే ఇథిలీన్ గ్లైకాల్ విషం కాబట్టి ఆ పని మాత్రం ఎవరూ చేయకూడదు.

నా కారు 2012 నాటి వ్యాగన్ ఆర్, చేతులు మారి నా దగ్గరికి వచ్చింది. ఒక మే నెలలో, విజయవాడ ఎండలు 44 డిగ్రీల దగ్గర ఆడుతున్న వారంలో, బానెట్ కింద ఉన్న కూలెంట్ బాటిల్ రెండు రోజులకొకసారి ఖాళీ అవడం మొదలైంది. ఆ నెల జీతంలో నేను కారు మీద పెట్టగలిగింది 5,000 రూపాయలు. సలహాలకు మాత్రం కరువు రాలేదు. పక్కవాటా ఆయన లీకు ఆపే మందు సీసా ఒకటి పోసేయమన్నారు, లారీలు నడిపిన మా బాబాయి గుప్పెడు పసుపు వేస్తే చాలన్నాడు, ఆఫీసులో ఒకాయన రేడియేటర్ మొత్తం మార్చేయమన్నారు, మా బావమరిది రోజూ నీళ్లు పోసుకుంటూ తిరగమన్నాడు, మరొకాయన బండి అమ్మేయమన్నారు. ఇంతమందిలో ఒక్కరు కూడా ఎక్కడి నుంచి కారుతోందని అడగలేదు. డబ్బు తక్కువ ఉన్నవాడు మొదటి వంద రూపాయలూ, మొదటి అరగంటా ఆ ప్రశ్న మీదే ఖర్చు పెట్టాలని నా అనుభవం, ఎందుకంటే పై సలహాలన్నీ ఏదో ఒక లీకుకు సరిపోయేవే, ఏ ఒక్కటీ అన్ని లీకులకూ సరిపోదు.

ముందు ఎక్కడో తేల్చుకోవడం

రాత్రి కారు పెట్టేటప్పుడు ఇంజన్ కింద పాత అట్టపెట్టె విప్పి పరిస్తే, తెల్లవారేసరికి చుక్కలు ఏ చక్రం వైపు పడ్డాయో, ముందు జాలీకి ఎంత దూరంలో పడ్డాయో దాని మీద అచ్చు పడుతుంది. ముందు జాలీ కిందుగా పడితే రేడియేటర్ మీదా దాని పైపుల మీదా అనుమానం, బెల్టు తిరిగే వైపు పడితే కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు మీద అనుమానం, ముందు సీటు కింద కార్పెట్టు తడిసి అద్దం లోపలివైపు జిడ్డు పొగమంచు పడుతుంటే డాష్‌బోర్డు వెనక ఉండే హీటర్ కాయిల్ మీద అనుమానం. తరువాత ఇంజన్ పూర్తిగా చల్లారి ఉన్నప్పుడు టార్చిలైటు పట్టుకుని పైపుల చివర్లు, క్లిప్పులు, రేడియేటర్ అంచులు వరసగా చూడాలి. కారి ఆరిన చోట తెల్లగానో పచ్చగానో ఉప్పు పేరుకున్నట్టు పొరలు కడుతుంది, తడి కనిపించకపోయినా ఆ పొర దొంగను పట్టిస్తుంది.

ఇంతలోనూ దొరక్కపోతే ప్రెషర్ టెస్టు చేయించడం మంచిది. రేడియేటర్ మూత స్థానంలో చేతిపంపు బిగించి గాలి కొడతారు, ముల్లు పది నిమిషాల పాటు నిలబడితే బయటికి లీకు లేనట్టు, దిగిపోతుంటే ఎక్కడో కారుతున్నట్టు, ఆ సమయంలో బానెట్ కింద చూస్తే చుక్క ఊరుతూ కనిపిస్తుంది. మా వైపు షెడ్లలో దీనికి 200 నుంచి 300 రూపాయలు తీసుకుంటారు, అక్కడే రిపేరు చేయించుకుంటే చాలామంది అదీ తీసుకోరు. ఈ వ్యాసంలో నేను చెప్పే ధరలన్నీ విజయవాడ ఆటోనగర్లో చిన్న పెట్రోలు కారుకు నాకు చెప్పినవి, నేను ఇచ్చినవి; డీజిల్ బండికీ, పెద్ద బండికీ, వేరే ఊరికీ లెక్క మారుతుంది.

వెతికేటప్పుడు మూతను మరచిపోవద్దు. మూత మీద 0.9 అనో 1.1 అనో అంకె ఉంటుంది. లోపల అంత ఒత్తిడి నిలిచేలా అది స్ప్రింగుతో పట్టి ఉంచుతుంది. మామూలుగా 100 డిగ్రీలకు మరిగే నీరు, బయటి గాలి కంటే 0.9 బార్ ఎక్కువ ఒత్తిడి కింద దాదాపు 118 డిగ్రీల వరకు మరగదు. మూత రబ్బరు ఎండిపోయి ఆ ఒత్తిడి నిలవకపోతే కూలెంట్ ముందే మరిగి బాటిల్లోకి తన్ని, అక్కడి నుంచి రోడ్డు మీదికి పొంగిపోతుంది. చూసేవాళ్లకు రేడియేటర్ పోయినట్టే ఉంటుంది. 200 రూపాయల మూతతో పోయే జబ్బుకు రేడియేటర్ మార్పించుకున్న వాళ్లు నాకు తెలుసు. మూత మార్చేటప్పుడు పాతదాని మీది అంకే కొత్తదాని మీదా ఉండాలి. ఎక్కువ అంకె ఉన్నది ఇంకా మంచిదనుకుని కొంటే పాత పైపులు పగలవచ్చు.

ఎంత వేగంగా పోతోంది?

రిపేరుకు కొన్నాళ్లు ఆగవచ్చా ఆగకూడదా అనేది దీన్ని బట్టి ఉంటుంది. చల్లారిన ఇంజన్ మీద, ఒకే చదునైన చోట, పొద్దునపూట బాటిల్ మీద మార్కరుతో గీత గీసి వారం రోజులు చూడాలి. వారానికి గ్లాసు కంటే తక్కువ తగ్గుతుంటే, ఊళ్లోనే తిరిగే బండి అయితే, జీతం వచ్చే దాకా నింపుకుంటూ నడపవచ్చు. రోజుకు అర లీటరు పోతుంటే ఆ బండి షెడ్డుకు తప్ప ఇంకెక్కడికీ వెళ్లకూడదు. హైదరాబాద్‌కు 270 కిలోమీటర్ల దారి, మధ్యలో నీళ్లు పోసుకుంటూ వెళదాం అనుకునేవాళ్లు, అసలు ఖర్చు కూలెంట్‌ది కాదని గుర్తుంచుకోవాలి. ఒక్కసారి ఇంజన్ బాగా హీటెక్కితే దాని పైభాగాన్ని మూసే అల్యూమినియం హెడ్డు వంకర పోతుంది, అప్పుడు మాటలు వందల్లో ఉండవు, పదివేల పైన మొదలవుతాయి.

చాలా చిన్న కార్లలో టెంపరేచర్ ముల్లు లేదు, ఎర్ర దీపం ఒక్కటే ఉంటుంది, అది వెలిగేసరికే ఆలస్యమై ఉంటుంది. ముల్లు ఉన్న బండిలో కూడా ఒక మోసం ఉంది. కూలెంట్ పూర్తిగా అయిపోతే సెన్సరు ద్రవంలో మునిగి ఉండదు, గాలిలో ఉంటుంది, అందుకని ఇంజన్ కాలిపోతున్నా ముల్లు పైకి లేవకపోవచ్చు. కాబట్టి లీకున్న బండికి గేజి చూసుకుని ధైర్యపడటం కంటే పొద్దున్నే బానెట్ ఎత్తి చూడటమే నమ్మకం.

దారిలో హీటెక్కితే ఏసీ ఆపి, హీటరు పూర్తిగా తిప్పి, అద్దాలు దించి, దొరికిన మొదటి నీడలో ఆపాలి. మే నెలలో హీటరు వేసుకోవడం శిక్షలాగే ఉంటుంది గాని ఇంజన్ వేడి కొంత లోపలికి లాగేస్తుంది. ఆపాక కనీసం అరగంట, ముప్పావు గంట మూత జోలికి వెళ్లకూడదు, మరుగుతున్న కూలెంట్ మొహం మీదికి చిమ్ముతుంది; కాలిన ఇంజన్‌లో చల్లటి నీళ్లు గుమ్మరించకూడదు, లోహం పగులుతుంది. ఇంజన్ ఆపినా ముందు ఫ్యాను దానంతటదే తిరిగే బండ్లు ఉన్నాయి కాబట్టి చేతులు దూరంగా పెట్టుకోవాలి.

నింపుకుంటూ నడపడం: నీళ్లా, కూలెంటా?

కోస్తాలో గాని తెలంగాణలో గాని నీళ్లు గడ్డకట్టే చలి మనకు లేదు, అందుకని కూలెంట్ ఎందుకు, నీళ్లు చాలవా అన్న ప్రశ్న సహజం. వేడిని మోయడంలో నిజానికి నీరే మెరుగు. అయితే కూలెంట్‌లో తుప్పును ఆపే మందులు ఉంటాయి, మరిగే స్థాయి కూడా కొంత పెరుగుతుంది. సగం సగం కలిపినది ఒత్తిడి లేకపోయినా 107 డిగ్రీల దాకా మరగదు. ఉత్త నీళ్లతో ఏడాది నడిపిన ఇంజన్ రేడియేటర్ మూత తీసి చూస్తే మిరియాల చారు రంగులో నీళ్లు కనిపిస్తాయి, ఆ రంగంతా లోపల కరుగుతున్న ఇనుముది. బోరు నీళ్లయితే మరీ అన్యాయం. మన బిందెల అడుగున తెల్లగా కట్టే పొరే రేడియేటర్ సన్నని గొట్టాలలోనూ కడుతుంది.

అందుచేత వారం, పది రోజులు గడపడానికి నీళ్లే పోయదలచుకుంటే బ్యాటరీకి పోసే డిస్టిల్డ్ వాటర్ పోయాలి, లీటరు ఇరవై ముప్పై రూపాయలకు పెట్రోలు బంకులోనే దొరుకుతుంది. అంతకు మించి నడిపేటట్లయితే కూలెంట్ డబ్బా కొనక తప్పదు. ఇక్కడ కొట్టువాడు రెండు రకాలు ఇస్తాడు. ఒకటి నేరుగా పోసేది, రెండోది చిక్కటిది, నీళ్లు కలిపి పోయాలి. ధర పక్కపక్కన పెట్టి పోల్చేటప్పుడు చిక్కటి లీటరు కలిపాక ఎన్ని లీటర్లవుతుందో డబ్బా మీద చదివి లెక్క కట్టాలి, అప్పుడు చాలాసార్లు ఎక్కువ ధరదే చవకగా తేలుతుంది. రంగు చూసి కొనవద్దు. రంగు కంపెనీ కలిపినది, అన్ని కంపెనీలకూ ఒకటే పద్ధతి లేదు. కారు పుస్తకంలో ఏ రకం రాసిందో ఆ రకమే వేయాలి, తెలియని రెండింటిని కలిపితే కొన్నిసార్లు జిగురులా గడ్డకడుతుంది.

సీసా మందు, పసుపు, ఎం-సీల్

మా బాబాయి చెప్పిన పసుపు వట్టి మూఢనమ్మకం కాదు. మెత్తటి పొడి కూలెంట్‌తో తిరుగుతూ సూదిబెజ్జం దగ్గరికి వచ్చి, అక్కడ బయటికి పోబోయి ఇరుక్కుని, వేడికి గట్టిపడి బెజ్జాన్ని మూస్తుంది. అంబాసిడర్ల కాలంలో, లారీలలో, రేడియేటర్లు రాగి, ఇత్తడివి, లోపలి దారులు వెడల్పువి, ఊరు చేరాక విప్పి కడిగి టంకం వేయించుకునేవాళ్లు. ఇప్పటి చిన్న కారు రేడియేటర్లో గొట్టం లోపలి సందు మిల్లీమీటరు, రెండు మిల్లీమీటర్లు ఉంటుంది. బెజ్జాన్ని మూసే పొడికి, మంచి గొట్టాన్ని మూయకూడదని తెలియదు.

కొట్టులో 250 నుంచి 500 రూపాయలకు దొరికే సీసా మందు కూడా ఇదే సూత్రం మీద, కొంచెం మర్యాదగా పనిచేస్తుంది. కొన్నింటిలో నారపొడి, కొన్నింటిలో వేడికి గాజులా గట్టిపడే సోడియం సిలికేట్ ఉంటాయి. రేడియేటర్ గొట్టంలో సూదిమొనంత బెజ్జానికి ఇది కొన్ని నెలలు పనిచేయవచ్చు. పైపు పగులుకు, వదులు క్లిప్పుకు, పంపు సీలుకు, పగిలిన ప్లాస్టిక్కుకు పనిచేయదు, అయినా జనం పోసేది ఎక్కువగా వీటికే. పోసిన తరువాత హీటర్ కాయిల్ మూసుకుపోవచ్చు, వేడిని బట్టి కూలెంట్ దారిని తెరిచి మూసే థర్మోస్టాట్ ఇరుక్కోవచ్చు, ఆ తరువాత బండి చేతిలోకి తీసుకున్న మెకానిక్ ముందు మొత్తం కడగడానికి కూలి అడుగుతాడు. నా తీర్పు చెప్పమంటే, ఇంటికి వంద కిలోమీటర్ల దూరంలో, షెడ్డు లేని చోట, సూదిబెజ్జం అని కంటితో చూసిన తరువాత మాత్రమే సీసా కొనాలి. ఇంట్లో ఉన్న బండికి, నాలుగు రోజులు ఆగగలిగిన వాడికి అది చవక కాదు.

ఎం-సీల్ సంగతి వేరు. రేడియేటర్ ప్లాస్టిక్ డబ్బాకు వెంట్రుక పగులు వచ్చినప్పుడు, నీళ్లు పూర్తిగా దించి, పగులును గరుకు కాగితంతో రుద్ది, పెట్రోలు గుడ్డతో తుడిచి, ఆరనిచ్చి, రెండు ముద్దలు బాగా పిసికి అద్ది, ఒక రాత్రంతా వదిలేస్తే వారాలు నిలబడుతుంది. తడి మీద, జిడ్డు మీద పూస్తే సాయంత్రానికి ఊడుతుంది. ఇది లోపలికి ఏమీ పంపదు కాబట్టి తరువాతి రిపేరుకు అడ్డం రాదు. తాత్కాలిక పనుల్లో నాకు గౌరవం ఉన్నది దీనొక్కదానికే.

తక్కువ డబ్బుతో పూర్తిగా నయమయ్యేవి

లీకు పైపుల దగ్గరే అని తేలితే సంతోషించవచ్చు. క్లిప్పు వదులైతే పది నిమిషాల పని, క్లిప్పు ఖరీదు ముప్పై, నలభై రూపాయలు. పైపు కొస మాత్రమే చీలి, పొడవు మిగులు ఉంటే, చీలిన అంగుళం కోసి మళ్లీ బిగించవచ్చు, ఖర్చు లేదు. అయితే పైపును పిండి చూడాలి. చల్లారినప్పుడు నొక్కితే పెళపెళమని శబ్దం వచ్చినా, మరీ మెత్తగా ఉబ్బినట్టున్నా ఆ రబ్బరు ఆయుష్షు తీరింది, 300, 400 పెట్టి కొత్తది వేయించడమే మేలు. పై పైపు పోతే కింది పైపు కూడా అదే వయసుది కాబట్టి, నీళ్లు ఎలాగూ దించుతారు కనుక, డబ్బు ఉంటే రెండూ ఒకేసారి మార్పించుకుంటే రెండో కూలి, రెండో కూలెంట్ మిగులుతాయి.

హీటర్ కాయిల్ లీకు అని తెలియగానే డాష్‌బోర్డు మొత్తం విప్పాలి, ఆరేడు వేలు అవుతుంది అని చెబుతారు. చెప్పేది నిజమే, కాని మన ఊళ్లలో హీటరు వాడేది ఎవరు? ఇంజన్ నుంచి హీటరుకు వెళ్లే పైపును, తిరిగి వచ్చే పైపును బానెట్ కిందే ఒక ముక్క గొట్టంతో కలిపేస్తే కూలెంట్ ఆ కాయిల్ దాకా వెళ్లదు, లీకు ఆగుతుంది. రెండు క్లిప్పులు, ఒక గొట్టం, అరగంట కూలి కలిపి మూడు వందల్లో తేలుతుంది. అద్దం మీద ఆవిరి పడితే ఏసీతో పోతుంది. పోయేదల్లా, దారిలో ఇంజన్ హీటెక్కితే హీటరు తిప్పి వేడి లాగే ఉపాయం ఒక్కటే. విశాఖ నుంచి నెలకు రెండుసార్లు అరకు ఎక్కే బండికి తప్ప, మిగిలినవాళ్లకు నేను ఈ పనినే చెబుతాను.

రేడియేటర్: అతికించడమా, పాతదా, బయటి కంపెనీదా, ఒరిజినలా?

నా బండికి లీకు ఇక్కడే తేలింది. ఆటోనగర్లో రేడియేటర్లు మాత్రమే చేసే మేస్త్రీ దగ్గరికి మా మెకానిక్ నన్ను పంపాడు. ఆయన విప్పిన రేడియేటర్ మూతులకు రబ్బరు బిరడాలు కొట్టి, ఒకదాంట్లోంచి గాలి పైపు దూర్చి, పంక్చరు షాపువాడు ట్యూబును ముంచినట్టే దాన్ని సిమెంటు తొట్టిలో ముంచాడు. నీళ్లు స్థిమితపడేదాకా ఇద్దరం మాట్లాడలేదు. తరువాత ప్లాస్టిక్ డబ్బా, అల్యూమినియం జాలీ కలిసే అంచు నుంచి ఆవగింజలంత బుడగలు ఒక వరసగా పైకి లేచాయి. "జాలీ బాగుంది సార్, లోపల రబ్బరు చచ్చిపోయింది" అన్నాడు. అంచున ఉన్న రేకు పళ్లను ఒక్కొక్కటీ లేపి, డబ్బా ఊడదీసి, కొత్త రబ్బరు వేసి, పళ్లు మళ్లీ వంచి, మళ్లీ తొట్టిలో ముంచి చూపించాడు. 800 తీసుకున్నాడు. పై పైపు 350, క్లిప్పులు 80, కూలెంట్ 600, మా మెకానిక్ కూలి 700. మొత్తం 2,530 రూపాయలు. 5,000లో సగం మిగిలిందని ఆ రోజు చాలా తెలివిగా అనిపించింది.

పద్నాలుగు నెలలకు అదే రేడియేటర్ ప్లాస్టిక్ మెడ, పై పైపు తగిలే చోట, గుండ్రంగా పగిలి చేతికి ఊడి వచ్చింది. ఈసారి బయటి కంపెనీ కొత్త రేడియేటర్ 3,200, మళ్లీ కూలెంట్ 600, మళ్లీ కూలి 700. రెండు విడతలూ కలిపి 7,030 అయింది. మొదటి రోజే కొత్తది వేయించి ఉంటే, పైపు, క్లిప్పులతో సహా 4,930లో, నా 5,000 లోపలే, అయిపోయేది. మేస్త్రీ పనిలో లోపం ఏమీ లేదు, ఆయన వేసిన రబ్బరు చివరి దాకా కారలేదు. తప్పల్లా నాదే, ప్లాస్టిక్ వయసు చూసుకోలేదు.

కాబట్టి రేడియేటర్ విషయంలో నేను ఇప్పుడు చెప్పే సలహా వయసును బట్టి ఉంటుంది. ఆరేడేళ్ల లోపు బండి, ప్లాస్టిక్ ఇంకా నల్లగా నిగనిగలాడుతోంది, లీకు రబ్బరు అంచులోనో, రాయి తగిలిన ఒక గొట్టంలోనో ఉంది అంటే బాగు చేయించుకోవడం లాభం. అల్యూమినియం గొట్టానికి ఆర్గాన్ వెల్డింగ్ చేసేవాళ్లు ఉన్నారు, లేదా కారే ఒక్క గొట్టాన్ని రెండు కొసలా మూసేస్తారు. ఒకటి రెండు గొట్టాలు మూస్తే చల్లదనంలో తేడా తెలియదు, నాలుగైదు మూయాలంటే మాత్రం వద్దనాలి, ఏప్రిల్ వస్తే ఆ బండి ట్రాఫిక్‌లో నిలబడలేదు. పదేళ్లు దాటి, ప్లాస్టిక్ గోధుమ రంగుకు తిరిగి, గోటితో గీస్తే పొడి రాలుతుంటే ఒక్క రూపాయి కూడా దాని మీద పెట్టకుండా బయటి కంపెనీ కొత్తది తీసుకోవాలి.

పాత బండ్ల నుంచి ఊడదీసిన రేడియేటర్ వెయ్యి, పన్నెండు వందలకు వస్తుంది, మనసు లాగుతుంది. నేను వద్దంటాను. అది కూడా మన బండి వయసుదే, పైగా ఏ నీళ్లు తాగి పెరిగిందో తెలియదు, మార్చే కూలీ, కూలెంటూ కొత్తదానికి ఎంతో దీనికీ అంతే. గేర్‌బాక్సు, తలుపులు, లైట్లు పాతవి కొనవచ్చు. ఆవిరినీ ఒత్తిడినీ మోసే ప్లాస్టిక్ వస్తువు పాతది కొనకూడదు. కంపెనీ ఒరిజినల్‌కు నాకు చెప్పిన ధర బయటిదానికి దాదాపు రెట్టింపు. బండి ఇంకా పదేళ్లు ఉంచుకునేవాళ్లకు అది సరే, బిగుతు చేతివాళ్లకు పేరున్న బయటి కంపెనీది, బిల్లూ వారంటీ కాగితమూ ఇచ్చే కొట్టులో కొన్నది చాలు. కొనేముందు పాతదాని పక్కన పెట్టి జాలీ మందం ఒకటేనా చూసుకోవాలి. నకిలీల్లో మొదట తగ్గేది ఆ మందమే.

పంపు అయితే బేరం లేదు

వాటర్ పంపు కింద చిన్న బెజ్జం ఒకటి ఉంటుంది, లోపలి సీలు అరిగినప్పుడు తెలియడానికే దాన్ని పెడతారు. అక్కడి నుంచి కారితే ఏ మందూ ఏ అతుకూ పనికిరాదు, బేరింగు కూడా వెనకాలే పోతుంది, పంపు పట్టేస్తే బెల్టు తెగుతుంది. నా వ్యాగన్ ఆర్‌లో ఉన్నలాంటి మారుతి కె-సిరీస్ పెట్రోలు ఇంజన్లలో లోపల టైమింగ్ చైను, పంపు బయటి బెల్టుతో తిరుగుతుంది కాబట్టి పని తేలిక, సామాను, కూలి కలిపి రెండున్నర వేల చుట్టూ పడుతుంది. టైమింగ్ బెల్టుతోనే పంపు తిరిగే బండ్లు కూడా ఉన్నాయి. వాటిలో కూలి ఎక్కువ, కాని ఆ బెల్టు మార్చే గడువు దగ్గరపడి ఉంటే రెండూ ఒకే కూలితో చేయించుకోవచ్చు. డబ్బు చాలకపోతే బండిని నిలబెట్టి నెలాఖరు దాకా బస్సు ఎక్కడమే దీనికి చవకైన దారి.

బయట చుక్క లేదు, కూలెంట్ మాత్రం తగ్గుతోంది

ఇది వినడానికి ఎవరికీ ఇష్టం లేని సంగతి. పొగగొట్టం నుంచి తియ్యటి వాసనతో తెల్లపొగ ఆగకుండా వస్తుందా, ఆయిల్ మూత లోపల కాఫీ నురగలాంటిది ఉందా, చల్లటి ఇంజన్ మీద మూత తీసి స్టార్టు చేయగానే రేడియేటర్లో బుడగలు ఆగకుండా వస్తున్నాయా, రెండు నిమిషాలకే పై పైపు రాయిలా బిగుస్తుందా అని చూడాలి. వీటిలో రెండు కనిపిస్తే హెడ్డుకూ ఇంజన్‌కూ మధ్య ఉండే గ్యాస్కెట్ పోయిందనుకోవచ్చు. చిన్న పొట్టి ప్రయాణాలు చేసే బండిలో ఆయిల్ మూత కింద నురగ ఒక్కటే ఉంటే భయపడనవసరం లేదు, అది తేమ.

గ్యాస్కెట్ ఖరీదు తక్కువే, వెయ్యి లోపు. హెడ్డు దించి ఎక్కించే కూలి, లేత్ షాపులో హెడ్డు చదును చేయించడం, బోల్టులు, కొత్త ఆయిలు, కూలెంట్, అన్నీ కలిపి నాకు తెలిసినవాళ్లకు 10,000 నుంచి 15,000 అయింది. ఇక్కడ లెక్క వేయవలసింది బండి విలువతో. లక్ష, లక్షన్నర పలికే బండికి ఆ పని అప్పు చేసి అయినా చేయించవచ్చు. యాభై వేలు కూడా రాని, టైర్లు, సస్పెన్షన్ కూడా పని అడుగుతున్న బండిని ఉన్నదున్నట్టు చెప్పి అమ్మడం మేలు. సీసా మందు పోసి లీకు కప్పి అమ్మేవాళ్లు ఉన్నారు. నా బండి ముందరి యజమాని ఆ పని చేశాడో లేదో నాకు తెలియదు గాని, నా రేడియేటర్ విప్పినప్పుడు తొట్టిలో తేలిన పసుపుపచ్చ పొడిని చూసి మేస్త్రీ నా మొహంలోకి చూశాడు, నేను ఆయన మొహంలోకి చూశాను.

షెడ్డుకు వెళ్లే ముందు

కంపెనీ సర్వీసు సెంటర్లో అతికించడం, రబ్బరు మార్చడం సాధారణంగా చేయరు, మొత్తం వస్తువు మార్చడమే వాళ్ల పద్ధతి. వారంటీ ఉన్న బండికి అక్కడికే వెళ్లాలి. వారంటీ తీరిన బండికి, లీకు ఎక్కడో మనకు తెలిసిన తరువాత, ఆటోనగర్ లాంటి చోట పని చవక. "కూలెంట్ పోతోంది, చూడండి" అని అడిగితే ఒక లెక్క చెబుతారు, "కింది పైపు క్లిప్పు దగ్గర కారుతోంది, పైపు మార్చాలి" అని అడిగితే ఇంకో లెక్క చెబుతారు. విప్పిన పాత సామాను మనకే ఇవ్వమని ముందే అనాలి. దించిన కూలెంట్ మంచిదైతే శుభ్రమైన డబ్బాలో పట్టి మళ్లీ పోయమనవచ్చు, ఐదారు వందలు మిగులుతాయి. మురికైతే కాలువలో పారబోయనివ్వకూడదు, నేల మీద గుంటలా నిలవనివ్వకూడదు, కుక్కలూ పిల్లులూ నాకి చచ్చిపోతాయి.

కొత్తగా కూలెంట్ పోసిన తరువాత లోపల చిక్కుకున్న గాలి తీయడం చాలామంది హడావిడిలో వదిలేసే పని. మూత తీసి ఉంచి, ఇంజన్ నడుపుతూ, థర్మోస్టాట్ తెరుచుకుని మట్టం ఒక్కసారి దిగేదాకా, బుడగలు ఆగేదాకా నింపుతూ పోవాలి, ఫ్యాను ఒకటి రెండు సార్లు తిరిగి ఆగేదాకా బండిని షెడ్డులోనే ఉంచాలి. ఆ ఇరవై నిమిషాలు టీ తాగుతూ అక్కడే నిలబడండి. మరునాడు పొద్దున చల్లారిన ఇంజన్ మీద మట్టం కొంచెం దిగి ఉంటుంది, మిగిలిన గాలి పోవడం వల్ల అది మామూలే, అంతవరకు పోసి బాటిల్ మీద కొత్త గీత గీయండి. మూడో పొద్దునకు కూడా మట్టం ఆ గీత మీదే ఉంటే పని అయినట్టు. లేకపోతే మళ్లీ అట్టపెట్టె పరచాలి.